పాషాణం దగ్గర నేర్చుకున్నవి

1. సగం తెలిసినవాడి భయం మొండిది.
పటాన్‌చెరులో ఓ మందుల ఫ్యాక్టరీ ల్యాబులో పనిచేసి రిటైరయ్యాను. అక్కడి నక్కవాగు చుట్టుపక్కల ఆర్సెనిక్ ఉందని ఎన్‌జీఆర్‌ఐ శాస్త్రవేత్తలు తేల్చినప్పటి నుంచి ఆ పేరంటేనే నాకు గుబులు. మా తమ్ముడి కొడుక్కి అక్యూట్ ప్రోమైలోసైటిక్ ల్యుకేమియా అనే రక్త క్యాన్సర్ వచ్చి, డాక్టరు ఆర్సెనిక్ ట్రైఆక్సైడ్ ఎక్కిస్తామంటే అడ్డుపడ్డాను. "వాగుల ఉన్న విషం మా పోరని నరంల ఎక్కిస్తరా, సార్?" అన్నాను. చదువుకున్న పెద్దనాన్నను కదా, ఇంట్లో నా మాటే చెల్లింది. చికిత్సకు ఒప్పుకుంటూ చేయాల్సిన సంతకం మర్నాటికి వాయిదా పడింది. ఆ రాత్రంతా వాడి ముక్కుకు దూది పెడుతూనే ఉన్నాం, అది ఎర్రబడుతూనే ఉంది. వాడు బతికాడు. ఆ రాత్రి బరువు మాత్రం నా మీదనుంచి దిగలేదు.

2. విషం దేన్ని పట్టుకుంటుందో చూడాలి.
ఆర్సెనిక్ గంధకాన్ని గట్టిగా పట్టుకుంటుంది. ఈ జబ్బులో 15, 17 క్రోమోజోములు ముక్కలు మార్చుకోవడంతో పీఎంఎల్-రార్ ఆల్ఫా అనే వికృత ప్రోటీన్ పుట్టి, తెల్లకణాలను ఎదగనివ్వదు. ఆర్సెనిక్ దానిలోని గంధకాన్ని పట్టుకోగానే, కణం ఆ ప్రోటీన్‌ను చెత్తగా గుర్తించి తానే ముక్కలు చేసేస్తుంది. అడ్డు తొలగిన కణాలు ఎదిగి, ఆయుష్షు తీరి చస్తాయి. మోతాదు పెరిగితే మైటోకాండ్రియా దెబ్బతిని నేరుగానే చస్తాయి. అదే ఆర్సెనిక్ తాగునీటిలో ఏళ్ల తరబడి ఒంట్లో చేరితే చర్మానికి, మూత్రాశయానికి, ఊపిరితిత్తులకు క్యాన్సర్ తెస్తుంది. అందుకే నీటిలో లీటరుకు 10 మైక్రోగ్రాములు దాటకూడదంటారు. 1970లలో చైనాలోని హార్బిన్ వైద్యులు ఈ చికిత్సకు దారి వేశారు. మన వాళ్లు ఎక్కువగా వెళ్లే వెల్లూరు సీఎంసీలో 1998 నుంచి కొత్త రోగులకు ఇదొక్కటే ఇచ్చి చూస్తే, ఎక్కువమంది కోలుకున్నారు. ఇవన్నీ నేను ఆ సంతకం అయ్యాక చదివాను.

3. ఆసుపత్రి మందు ఇంటి మందు కాదు.
ఇది పాతకాలపు శంఖపాషాణమే. కానీ కిలో బరువుకు రోజుకు 0.15 మిల్లీగ్రాముల లెక్కన, ఈసీజీ చూసుకుంటూ ఎక్కిస్తారు. మిగతా క్యాన్సర్లలో ఇంతటి ఫలితం రాలేదు. పొట్లాలు కట్టి అమ్మేవాళ్ల దగ్గరికి వెళ్లకండి.

4. రక్తం చెప్పేది ఆ రోజే వినాలి.
చిగుళ్ల నుంచి రక్తం, కారణం లేకుండా నీలిమచ్చలు కనిపిస్తే అదే రోజు రక్తపరీక్ష చేయించండి. మొదటి రోజుల్లో ప్రాణం తీసేది ఎక్కువగా రక్తస్రావమే. అందుకే ఈ జబ్బని అనుమానం రాగానే, జన్యుపరీక్ష రిపోర్టు కోసం ఆగకుండా, విటమిన్-ఏ నుంచి చేసిన ఏట్రా మాత్రలు మొదలుపెడతారు.