మొదటి సెమిస్టరులో శాస్త్ర కోర్సుల భారం – నిర్వహణ పద్ధతులు

ఇంటర్మీడియట్‌లో ఏడాది పొడవునా చదివి చివర ఒకేసారి పరీక్ష రాసిన విద్యార్థికి వ్యవసాయ బి.యస్సి. (ఆనర్స్) మొదటి సెమిస్టరు కొత్త అనుభవం. తెలుగు మాధ్యమం నుండి వచ్చిన గ్రామీణ విద్యార్థి ఆంగ్ల సాంకేతిక పదాలను కూడా ఇదే సమయంలో నేర్చుకోవలసి ఉంటుంది. ఈ దశలో తగ్గిన గ్రేడు పాయింటు నాలుగో సంవత్సరం వరకు ఓజీపీఏలో కొనసాగుతుంది. కావున భారాన్ని ముందుగానే అంచనా వేయడం అవసరం.

భారాన్ని గంటలలో లెక్కించడం

ఐసీఏఆర్ ఐదవ డీన్ల కమిటీ పాఠ్యప్రణాళికలో సేద్యశాస్త్రం 4 (3+1), మృత్తికా శాస్త్రం 3 (2+1), జీవరసాయన–జీవసాంకేతిక శాస్త్రం 3 (2+1), ఉద్యానశాస్త్రం, అటవీశాస్త్రం, ఆంగ్లం ఒక్కొక్కటి 2 (1+1) క్రెడిట్లు. ఈ ఆరు కోర్సుల మొత్తం 16 క్రెడిట్లు మాత్రమే. అయితే ఒక థియరీ క్రెడిట్‌కు వారానికి ఒక గంట, ఒక ప్రాక్టికల్ క్రెడిట్‌కు రెండు గంటలు చొప్పున లెక్కిస్తే తరగతి సమయం 22 గంటలవుతుంది. ప్రతి థియరీ గంటకు ఒక గంట, ప్రతి ప్రాక్టికల్ రికార్డుకు అరగంట కేటాయిస్తే స్వయం అధ్యయనానికి మరో 13 గంటలు కావాలి. వారానికి ఆరు రోజులు, రోజుకు రెండు గంటల పైచిలుకు చదివితే ఇది సాధ్యమే. మూడు వారాలు వాయిదా వేస్తే 39 గంటల బాకీ మిగులుతుంది.

సమయ కేటాయింపులో క్రెడిట్ల బరువును గమనించాలి. 4 క్రెడిట్ల కోర్సులో ఒక గ్రేడు పాయింటు తగ్గడం, 2 క్రెడిట్ల కోర్సులో రెండు పాయింట్లు తగ్గడంతో సమానం.

చూడకుండా రాయడం

నేర్చుకున్నది కాలక్రమేణా ఎలా మరుపుకు వస్తుందో ఎబింగ్‌హౌస్ 1885లోనే ప్రయోగపూర్వకంగా చూపాడు. 2006లో రోడిగర్, కార్పికె జరిపిన ప్రయోగంలో పాఠాన్ని మళ్లీ మళ్లీ చదివినవారు ఐదు నిమిషాల తర్వాత ముందున్నారు. వారం తర్వాత మాత్రం, చదివిన విషయాన్ని గుర్తుచేసుకుని రాసినవారే ఎక్కువ జ్ఞాపకం ఉంచుకోగలిగారు. కావున నోట్సును తిరిగి చదవడంతో సరిపెట్టుకోరాదు. ఉదాహరణకు, హెక్టారుకు 100 కిలోల నత్రజని ఇవ్వడానికి 46 శాతం నత్రజని గల యూరియా ఎంత కావాలో పుస్తకం మూసి లెక్కించాలి. సుమారు 217 కిలోలు అని జవాబు రానివారు పాఠాన్ని మళ్లీ చూడాలి.

కోర్సులను అనుసంధానించడం

నత్రజని సేద్యశాస్త్రంలో ఎరువుగా, మృత్తికా శాస్త్రంలో ఖనిజీకరణ చర్యగా, జీవరసాయన శాస్త్రంలో అమైనో ఆమ్లాల భాగంగా కనిపిస్తుంది. మూడింటినీ ఒకే పటంలో చేర్చి చదివితే శ్రమ తగ్గుతుంది, అవగాహన పెరుగుతుంది. ప్రాక్టికల్ రికార్డును అదే రోజు పూర్తిచేయాలి. పరిశీలించిన నేల రంగు, ఆకృతి కంటికి గుర్తున్నప్పుడు రాసిన రికార్డు పరీక్షకూ పనికివస్తుంది.

అధ్యాపకుల బాధ్యత

సలహాదారు అధ్యాపకులు మధ్యంతర పరీక్ష ఫలితాల వరకు వేచి ఉండరాదు. మూడో వారంలోనే రికార్డులను, హాజరును పరిశీలిస్తే వెనుకబడిన విద్యార్థిని గుర్తించవచ్చు. పదాల అర్థం తెలియక మౌనంగా ఉన్న విద్యార్థిని శ్రద్ధలేనివాడిగా భావించరాదు. మొదటి నెలలో ముఖ్య సాంకేతిక పదాలకు తెలుగు సమానార్థకాలు చెప్పడం మేలు.

కోర్సుల పేర్లు, క్రెడిట్లు మారినప్పుడు గంటల లెక్కను మళ్లీ వేసుకోవాలి. అదునులో విత్తిన పైరు వలె, మొదటి వారంలో ఆరంభించిన చదువే సకాలంలో ఫలితమిస్తుంది.