రెండో ఫిడేలు కుర్చీ

మథురాకాటి, ఖరగ్‌పూర్

అమ్మలూ,

నీ ఉత్తరం అందింది. వెనక వరసలో రెండో ఫిడేలు వాయించి విసుగొచ్చింది, ఇక ఫిడేలు పెట్టెలో పెట్టేసి కండక్టింగ్ నేర్చుకుంటానని రాశావు. బేటన్ పట్టుకోవాలన్న నీ కోరికకు నేను అడ్డు చెప్పను. కానీ ఆ పెట్టె మూయకు. ఆ వెనక కుర్చీని కూడా ఇప్పుడే వదలకు.

ఎందుకో మెహ్లీ మెహతా కథతో చెబుతాను. ఆయన పేరు అనగానే కండక్టర్ జుబిన్ మెహతా తండ్రి అంటారు అందరూ. ఆయన సొంత కథ కూడా తెలుసుకో. 1908లో బొంబాయిలో పుట్టిన పార్సీ ఆయన. 1935లో బొంబాయి సింఫనీ ఆర్కెస్ట్రా పెట్టాడు. మొదట అందులో ముందు కుర్చీ ఫిడేలు ఆయనదే, తర్వాత దాన్ని నడిపించిందీ ఆయనే. అంతటివాడు, నలభై దగ్గరపడుతున్న వయసులో భార్యాబిడ్డల్ని బొంబాయిలోనే ఉంచి, న్యూయార్క్ వెళ్లి ఫిడేలు గురువు ఇవాన్ గలామియన్ దగ్గర మళ్లీ శిష్యుడయ్యాడు. 1950లలో మాంచెస్టర్ హాలే ఆర్కెస్ట్రాలో కండక్టర్ బార్బిరోలీ చేతి కింద వాయించాడు. అక్కడి నుంచి ఫిలడెల్ఫియా వెళ్లి కర్టిస్ క్వార్టెట్‌లో చేరాడు. అందులో ఆయనది రెండో ఫిడేలు. చూశావా తల్లీ, ఒక ఊరి ఆర్కెస్ట్రానే నిలబెట్టిన మనిషి ఏ కుర్చీలో కూర్చున్నాడో! 1964లో లాస్ ఏంజెలెస్‌లో కుర్రవాళ్ల కోసం అమెరికన్ యూత్ సింఫనీ పెట్టేనాటికి ఆయనకు యాభై అయిదు దాటాయి. 1998 దాకా దాన్ని ఆయనే నడిపాడు.

ఆ కుర్చీ ఏం నేర్పుతుందో నాకు ఫిడేలు కంటే ముందు రైలు నేర్పింది. నేను రైల్వే క్యారేజ్ అండ్ వ్యాగన్ విభాగంలో చేరిన కొత్తలో, తెల్లవారకముందే పొడుగు పిడి సుత్తి పట్టుకుని ప్లాట్‌ఫామ్ వెంట నడిచేవాళ్లం. మన ప్లాట్‌ఫామ్ ఎంత పొడుగో తెలిసిందే కదా, ఆ చివర నుంచి ఈ చివరకు ఆగిన రైలు ఒక్కో చక్రాన్నీ కొట్టి చూడాలి. మంచి చక్రం గంటలా మోగుతుంది, ఆ మోత కాసేపు నిలుస్తుంది. పగులున్న చక్రం టప్పుమని అక్కడికక్కడే ఆగిపోతుంది. నాకు మాత్రం రెండూ ఒకేలా వినిపించేవి. మా మేస్త్రీ నా చేతిలో సుత్తి తీసేసుకుని, ఆరునెలలు ఊరికే నా పక్కన నడు అన్నాడు. రోషం వచ్చింది. కానీ నాకు చెవి వచ్చింది ఆ ఆరునెలల్లోనే.

అది నేర్చుకుని కూడా ఒకసారి తప్పు చేశాను. నీంపురాలో శ్రీరామనవమి పందిట్లో మన కుర్రాళ్ల వాద్యబృందాన్ని నడిపించమన్నారు. ఎనిమిది మందిమి. నా ఫిడేలు నేను వింటూ, కాలం పెంచుకుంటూ పోయాను. హార్మోనియం వాయించే పెద్దాయన వేళ్లు అందుకోలేకపోతున్నాయని గమనించలేదు. పాట సగంలో ఆయన తిత్తి మూసి, చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు. ఒక్క మాట అనలేదు. నలభై ఏళ్లయినా ఆ చేతులు నా కళ్లముందు నుంచి పోలేదు.

నువ్వు మన పక్కవాద్యం పద్ధతిలో పెరిగినదానివి. గాయకుడు ఎక్కడ ఊపిరి తీస్తాడో ముందే పసిగట్టి, అతని వెంట నీడలా వెళ్లడం చిన్నప్పుడే నేర్చుకున్నావు. మన ఫిడేలు విద్వాంసులు ద్వారం వెంకటస్వామినాయుడుగారికి చూపు బాగా తక్కువ. ఆయనకు చెవే కన్ను. 1952లో పాశ్చాత్య ఫిడేలు విద్వాంసుడు యెహూదీ మెనూహిన్ మద్రాసులో ఆయన వాద్యం విని ముచ్చటపడ్డాడు. ఆ మెనూహినూ బేటన్ పట్టినవాడే.

ఇక చేయవలసింది చెబుతాను. మీరు వాయిస్తున్న సింఫనీ స్కోరు తీసుకుని వయోలా భాగం నీ చేత్తో రాసుకో. దాని క్లెఫ్ వేరు, మొదట కళ్లు తిరుగుతాయి. పట్టు వదలకు. ఒక్కో వాద్యం భాగాన్నీ గొంతుతో పాడు. ప్రతి పదబంధం దగ్గరా ఇది డౌన్‌బోనా, అప్‌బోనా, ఎందుకు అని అడుగు. కమాను మడమ దగ్గర ఎంత బరువో, కొసన ఎంత తేలికో నీ చేతికి తెలుసు. పియానో నుంచి వచ్చినవాళ్లు దాన్ని అడిగి తెలుసుకోవాలి. చెయ్యి కిందికి దిగేటప్పటి కంటే పైకి లేచేటప్పుడే బృందానికి కాలం అందాలి. మన అటతాళం వేసిన చేతికి అది కష్టం కాదు. అద్దం ముందు మాత్రం సాధన చేయకు. అక్కడ నిన్ను నువ్వే చూసుకుంటావు.

రిహార్సల్‌లో ఒకరోజు ముందు వరసను వదిలేసి, బాసూన్‌ను మాత్రమే విను. మర్నాడు వయోలాలను. ఏం వినపడిందో నాకు రాయి, తప్పయినా ఫరవాలేదు.

వచ్చే ఆదివారం హౌరాలో పొద్దుటి లోకల్ ఎక్కు. స్కోరూ ఫిడేలూ రెండూ తీసుకురా. అమ్మమ్మ నీకోసం కందిపచ్చడి చేస్తానంటోంది. రెండో ఫిడేలు భాగం నువ్వు వాయించు, మొదటిది నేను పాడతాను. వేళ్లు ఇప్పుడు సహకరించడం లేదు గానీ గొంతు ఇంకా ఉంది.

తాతయ్య