బత్తాయికాయను పొడుచు చిత్రవర్ణ శలభము

భాద్రపద, ఆశ్వయుజ మాసములలో కాయ రంగు తిరుగుచుండగా, నల్లగొండ, అనంతపురం ప్రాంతముల బత్తాయి తోటలలో ఉదయమున చెట్టు క్రింద రాలిన కాయను చేతబట్టి చూచినయెడల, తొక్కపై సన్నని రంధ్రమును, దానిచుట్టు మెత్తబడిన మచ్చయు, నొక్కినంతనే చిమ్ము పులిసిన రసమును కనబడును. రైతు లోపల పురుగుకై వెదకును, అది దొరకదు. ఏలయన హాని చేయునది గొంగళి కాదు, రాత్రివేళ వెలుపలినుండి యెగిరివచ్చు రెక్కల పురుగే.

దాని సొగసు చూడదగినది. రెక్కలు చాచినపుడు 8 మొదలు 10 సెంటీమీటర్ల వరకుండు నీ శలభము కొమ్మపై ముడుచుకొని కూర్చున్నచో, గోధుమ, పాచి వన్నెలు కలిసిన ముందు రెక్కలు దానిని ఎండుటాకుగా భ్రమింపజేయును. కదలించినంతనే నారింజ పసుపు వన్నె వెనుక రెక్కలు బయటపడును. ఆ పసుపు నడుమ గుండ్రని నల్లబొట్టున్నది యుడోసిమా మెటర్నా. వంకతిరిగిన నల్లపట్టె యున్నది యుడోసిమా ఫలోనియా. ఫలోనియాకు 1763లోను, మెటర్నాకు 1767లోను లిన్నేయసు నామకరణ మొనర్చెను. ప్రాత గ్రంథములలో ఒథ్రీస్ అను ప్రజాతినామమును, నాక్టుయిడే కుటుంబమును కనబడును. నేటి శాస్త్రజ్ఞులు ఎరెబిడే కుటుంబమున చేర్చిరి. పేరెన్నిమార్లు మారినను తొండము మారలేదు గదా! పెక్కు శలభముల తొండము పూదేనెకు మాత్రమే తగినంత మెత్తనిది కాగా, దీని తొండము మొనయందు ముండ్లు కలిగి దళసరి తొక్కను సైతము తొలుచును. అది త్రాగు రసము కొంచెమే. ఆ రంధ్రముగుండ చొచ్చిన బూజు, కుళ్లు కాయనంతటిని చెరచును.

దీని గొంగళి బత్తాయి ఆకును ముట్టదు. కంచెలపై ప్రాకు తిప్పతీగ, దూసరితీగలే దాని యాహారము. కావున ఆ తీగలను వేళ్లతో పెరికివేయుటయే మొదటి పని. వైద్యమునకై తిప్పతీగ కోరువారు తోటకు దూరముగా ఒక్కదానిని పెంచుకొనవచ్చును, గొంగళ్లను ఏరుచుండిన చాలును. పులిసిన వాసన శలభములను పిలుచును గనుక రాలిన కాయలను ఏనాటికానాడు ఏరి గోతిలో పూడ్చవలెను. సంధ్యవేళ తోటలో పొగ వేయవలెను.

కాయలపై మందు చల్లుట నా దృష్టిలో వృథా. పురుగు తొక్కను తినదు, లోని రసమునే పీల్చును, విషము మాత్రము కొనువాని చేతికి చేరును. దానికి బదులు 2 లీటర్ల నీటిలో 200 గ్రాముల బెల్లము, 20 మిల్లీలీటర్ల మలాథియాన్, కొంచెము పండ్లరసము కలిపి, వెడల్పు మూతి పాత్రలలో పోసి, చీకటి పడునప్పుడు చెట్లకు వ్రేలాడగట్టవలెను. తేనెటీగలును పశువులును నోరుపెట్టకుండునట్లు తెల్లవారగనే వానిని దింపి మూతవేయవలెను.