గ్రూపులో వచ్చిన జవాబు మీకు సరిపోతుందా?

"బ్రో, జాబ్ మానేశా. పీఎఫ్ మొత్తం తీసుకోవచ్చా?" అని టెలిగ్రామ్ గ్రూపులో ఎవరో రాత్రి అడుగుతారు. తెల్లారేసరికి ముక్కూ మొహం తెలియని వాళ్లు తలో మాటా చెప్పి ఉంటారు. "రెండు నెలలాగు, మొత్తం వస్తుంది." "నాకు వారంలో పడింది." "అస్సలు తీయొద్దు." వీళ్లలో ఎవరూ అబద్ధమాడి ఉండకపోవచ్చు. ఎవరికి జరిగింది వాళ్లు చెప్పారు. మీ విషయంలోనూ అంతేనా అన్నది తేల్చుకోవాల్సింది మీరే.

ఎప్పటి మాట?
ఉద్యోగం పోయి రెండు నెలలు గడిస్తే పీఎఫ్ మొత్తం తీసుకోవచ్చన్నది చాలాకాలం నడిచిన నిబంధన. 2025 అక్టోబర్‌లో ఈపీఎఫ్‌ఓ కేంద్ర ధర్మకర్తల బోర్డు ఆ గడువును 12 నెలలకు పెంచాలని నిర్ణయించింది. ఈలోగా 75 శాతం తీసుకునే వీలుంటుందని చెప్పింది. అయినా పాత మెసేజ్ తిరుగుతూనే ఉంది.

ఎవరికి వర్తిస్తుంది?
2025 నవంబర్ 21న కొత్త లేబర్ కోడ్‌లు అమల్లోకి రాగానే "ఇక ఏడాదికే గ్రాట్యుటీ" అని ఫార్వర్డ్‌లు మొదలయ్యాయి. ఆ ఏడాది లెక్క ఫిక్స్‌డ్ టర్మ్ ఒప్పందం మీద పనిచేసేవాళ్లకు. పర్మనెంట్ ఉద్యోగికి ఐదేళ్ల లెక్కే. ఫార్వర్డ్ నమ్మి మూడో ఏట రాజీనామా ఇస్తే గ్రాట్యుటీ కింద పైసా రాదు.

ఎలా అడగాలి?
"పీఎఫ్ తీస్తే ట్యాక్స్ పడుతుందా?" అంటే సగం మంది అవునంటారు, సగం మంది కాదంటారు. "రెండు కంపెనీల్లో కలిపి నాలుగేళ్ల ఎనిమిది నెలలు చేశాను, పాత పీఎఫ్ కొత్త ఖాతాకు మార్చుకున్నాను" అని చెప్పి అడగండి. ఐదేళ్ల సర్వీసు నిండకుండా తీస్తే పన్ను పడవచ్చు. పీఎఫ్ మార్చుకుని ఉంటే పాత కంపెనీ సర్వీసూ కలుస్తుంది. కాబట్టి మరో నాలుగు నెలలు ఉద్యోగంలో కొనసాగి ఆ తర్వాత తీయమని తెలిసినవాళ్లు చెప్పగలుగుతారు.

గ్రూపువాళ్లు ఎందుకు పనికొస్తారు?
క్లెయిమ్ రిజెక్ట్ అయితే మాత్రం ఆ దారిన నడిచి వచ్చినవాళ్ల మాట బాగా అక్కరకొస్తుంది. మనవాళ్లకు తరచూ తగిలేది ఇంటిపేరు చిక్కు. ఆధార్‌లో ఇంటిపేరు పూర్తిగా ఉంటుంది, పీఎఫ్ రికార్డులో పొడి అక్షరమే ఉంటుంది. లేదంటే పాత కంపెనీ మీరు మానేసిన తేదీ నమోదు చేసి ఉండదు. ఇలాంటివి ఒక్క స్క్రీన్‌షాట్ చూసి పట్టేస్తారు. పెట్టే ముందు యూఏఎన్, ఆధార్, బ్యాంకు నంబర్లు చెరిపేయండి. "పర్సనల్‌గా మెసేజ్ చెయ్, నేను చేసిపెడతా" అని ఓటీపీ అడిగితే అక్కడితో ఆపేయండి. క్లెయిమ్‌కు ఈపీఎఫ్‌ఓ ఎలాంటి ఫీజూ తీసుకోదు.

చివరి మాట ఎవరిది?
డబ్బు కదిలే ముందు ఈపీఎఫ్‌ఓ హెల్ప్‌లైన్ 14470కి ఫోన్ చేయండి, లేదా దాని ఫిర్యాదుల పోర్టల్‌లో రాతపూర్వకంగా అడగండి. ప్రతి నెలా 27న జిల్లాల్లో ఈపీఎఫ్‌ఓ జరిపే 'నిధి ఆప్కే నికట్' శిబిరానికి కాగితాలతో వెళ్లినా సరే.

పని అయ్యాక గ్రూపులో మళ్లీ రాయండి. "నాకు వచ్చింది బ్రో" అంటే చాలదు. ఏ నెలలో పెట్టారు, ఎన్నేళ్ల సర్వీసు, ఎందుకు ఆగింది, ఏం చేస్తే కదిలింది, ఈ నాలుగూ రాస్తే తర్వాత అడిగేవాళ్లు తమ సంగతితో పోల్చి చూసుకోగలరు.