మంటకు అడ్డుగోడ

క్రిందటి నెలలో మా పదవ తరగతి అమ్మాయి ఒకతె నన్నిలా అడిగింది: "మాస్టారూ! మా అక్కావాళ్లు అమెరికాలో ఉంటున్నారు. క్రింద కొట్లు, హోటలు. పైన మూడంతస్తుల్లో కాపురాలు. ఆ మేడంతా చెక్కతోనే కట్టారట! క్రింది వంటగదిలో నిప్పంటుకుంటే పైవాళ్ల గతేమిటండీ?"

బాలలూ! ఈ సందేహం మీకూ కలుగవచ్చు. అందుచేత జవాబు అందరికీ చెబుతాను.

అమెరికాలో కలప సమృద్ధిగా దొరుకుతుంది. అందువల్ల సన్నని గుంజలు నిలబెట్టి, మేకులు కొట్టి మేడలు కట్టడం అక్కడ పాత అలవాటు. దాని ప్రమాదం కూడా వారికి తెలుసు. 1871 అక్టోబరు 8వ తేదీ రాత్రి షికాగో నగరంలో అంటుకున్న నిప్పు 10వ తేదీ వరకు ఆరలేదు. సుమారు 300 మంది మరణించారు. దాదాపు లక్షమందికి నిలువనీడ లేకుండా పోయింది.

అసలు చెక్క ఎంత త్వరగా కాలుతుంది? మంటల్లో ఉన్న కలప నిమిషానికి రమారమి 0.65 మిల్లీమీటర్ల చొప్పున బొగ్గవుతూ పోతుంది. అక్కడి గోడల్లో వాడే గుంజ మందం 38 మిల్లీమీటర్లు. రెండు ప్రక్కలా మంట తగిలితే నిమిషానికి 1.3 మిల్లీమీటర్లు పోతుంది. 38ని 1.3తో భాగించండి. సుమారు 29 నిమిషాలు! అంటే అరగంటలో గుంజ మొత్తం బొగ్గే. అంతకు ముందే అది బరువు మోయలేక విరిగిపోతుంది.

కాబట్టి గుంజకు మంట తగలకుండా చూడాలి. ఎలా? ఇక్కడొక ప్రయోగం చేద్దాం. మీ మాస్టారి సమక్షంలోనే చేయండి. కాగితంతో చిన్న దొన్నె చేసి, అందులో నీళ్లు పోసి, అడుగున కొవ్వొత్తి మంట చూపండి. నీళ్లు వేడెక్కుతాయి గాని కాగితం అంటుకోదు! మంట ఇచ్చే వేడిని నీరు గ్రహిస్తుంది. నీరున్నంతసేపు కాగితం ఉష్ణోగ్రత 100 డిగ్రీలను పెద్దగా దాటదు. ఒక గ్రాము నీరు ఆవిరి కావాలంటే 540 కేలరీల వేడి కావాలి. దీనినే బాష్పీభవన గుప్తోష్ణం అంటారని మీరు చదువుకున్నారు.

గోడకు నీళ్లు పోసి నిలబెట్టలేం కదా! అయితే నీటిని తనలో దాచుకున్న రాయి ఒకటుంది. అదే జిప్సం. దీని అణువులో ఒక కాల్షియం సల్ఫేటుకు రెండు నీటి అణువుల స్ఫటిక జలం ఉంటుంది. అణుభారం 172, అందులో నీటి వాటా 36. అంటే నూటికి 21 వంతులు నీరే! చేతికి పొడిగా తగిలే 100 కిలోల జిప్సంలో 21 కిలోల నీరుందన్నమాట. మంట తగిలినప్పుడు ఈ నీరంతా ఆవిరై పోయేదాకా పలక వెనుకనున్న చెక్క అంటుకునేంత వేడెక్కదు. ఎండిన జిప్సం పొడిపొడిగా రాలిపోకుండా పలకలో సన్నని గాజు నారలు కలుపుతారు. ఈ పలకలు సుమారు 16 మిల్లీమీటర్ల మందం ఉంటాయి.

ఇలాంటి గోడ ఎంతసేపు ఆగుతుందో పరీక్షిస్తారు. గోడకు ఒక ప్రక్క కొలిమి పెట్టి, గంటలో 927 డిగ్రీల సెంటిగ్రేడుకు వేడి చేస్తారు. రెండవ ప్రక్క సగటు ఉష్ణోగ్రత మొదటికంటే 139 డిగ్రీలకు మించి పెరగకూడదు. మంట ఇవతలికి రాకూడదు. నెగ్గితే అది "ఒక గంట గోడ". అక్కడ అనేక రాష్ట్రాలు ఆధారంగా తీసుకునే నమూనా నిబంధనల ప్రకారం కొట్లకూ కాపురాలకూ నడుమ రెండు గంటల అడ్డు ఉండాలి. మంట వేడికి తమంతట తామే నీళ్లు చిమ్మే గొట్టాలు మేడంతా ఉంటే ఒక గంట చాలు. ఇది నిలువు గోడలకే కాదు, క్రింది కొట్టుకూ పై ఇంటికీ మధ్యనున్న కప్పుకు కూడా వర్తిస్తుంది.

కాని ఎంత మంచి గోడనైనా చిన్న కంత చెడగొడుతుంది. నీటి గొట్టం కోసమో, తీగ కోసమో తొలిచిన రంధ్రాన్ని వేడికి ఉబ్బే పదార్థంతో పూడ్చాలి. పూర్వపు చెక్క ఇళ్లలో గోడ లోపలి ఖాళీ నేల నుండి కప్పుదాకా పొగగొట్టంలా ఉండేది. మంట దానిగుండా పైకి ప్రాకేది. ఇప్పుడు ప్రతి అంతస్తు దగ్గర ఆ ఖాళీని అడ్డకర్రతో మూస్తారు. తలుపు సంగతీ అంతే. దానంతట అది మూసుకునే తలుపుకు గాలి కోసమని ఇటుక అడ్డుపెడితే ఆ గోడ ఉన్నా లేనట్లే!

ఆ గంట మేడను కాపాడటానికని మాత్రమే అనుకోకండి. నిద్రలో ఉన్నవారు లేచి, పిల్లలనూ వృద్ధులనూ తీసుకుని మెట్లు దిగడానికి కావలసిన వ్యవధి అది. అందుకే ఆ అమ్మాయితో అన్నాను: "అమ్మా, ఈసారి ఫోను చేసినప్పుడు మెట్ల దగ్గరి తలుపుకు ఏమీ అడ్డుపెట్టవద్దని అక్కతో చెప్పు."

ఇక మీకొక లెక్క. 200 మిల్లీమీటర్ల మందమున్న దూలం రెండు ప్రక్కలా గంటసేపు కాలితే ఎంత కలప మిగులుతుంది? దాన్నిబట్టి, లావు దూలం సన్న గుంజకంటే ఎందుకు మేలో మీరే చెప్పండి.