కథను దిద్దుకొనుట

పిల్లవాడు కథ వ్రాసి తెచ్చిన వెంటనే మనము ఎఱ్ఱసిరా కలము తీసికొందుము. అక్షరదోషములు తొలగును గాని కథ బాగుపడదు. వీధిలో ఒడియా, ఇంట తెలుగు వినుచు పెరుగు బిడ్డ ఆ ఎఱ్ఱగీతలు చూచి తెలుగున వ్రాయుటయే మానవచ్చును. కథను దిద్దవలసినది వ్రాసిన చేయియే. పెద్దల పని వినుట, అడుగుట.

తిరిగి వ్రాయుట చిన్నతనము కాదు. గురజాడ అప్పారావుగారి కన్యాశుల్కము 1897లో అచ్చయినది. వారు దానిని చాలవరకు మార్చి, పెంచి, 1909లో రెండవ కూర్పు వెలువరించిరి. నేడు లోకము మెచ్చునది ఆ రెండవ కూర్పునే. 1910లో వెలువడిన వారి కథ పేరే ‘దిద్దుబాటు’.

ఇంట ఈ క్రమము పాటింపుడు.

మొదట, కథను వారము దినములు ప్రక్కన పెట్టించి, పిమ్మట బిగ్గరగా చదివింపుడు. నాలుక తడబడిన చోట బిడ్డయే గుర్తు పెట్టుకొనును.

రెండవది, ఆరంభము. పిల్లలు ఊరిని, ఇంటిని, వంశమును వర్ణించి గాని కథలోనికి రారు. ‘దిద్దుబాటు’ రాత్రివేళ ఇల్లు చేరి తలుపు తీయుమని పిలుచు భర్తతోనే మొదలగును. అతని సంగతులు తరువాత తెలియును. “నీ కథలో మొదట జరిగినదేమి?” అని అడుగుడు. దానికి ముందున్నది ఏల అవసరమో బిడ్డనే చెప్పనిండు.

మూడవది, “అవ్వ చాల దుఃఖపడెను” అని వ్రాసినచో, “నీకెట్లు తెలిసినది?” అని అడుగుడు. “అన్నము కలిపి, ముద్ద నోట పెట్టక, చేయి కడుగుకొనెను” అని బిడ్డ వ్రాయును. ఇక ‘దుఃఖము’ అను మాటతో పనిలేదు.

నాలుగవది, సంభాషణ. కథ నడుపు వాక్యములు బడి తెలుగున నుండుగాక. పాత్రల మాటలు ఇంటి మాటలుగనే యుండనిండు. మన పలుకులో ఒడియా మాట కలియుట సహజము. దానిని తప్పని కొట్టివేయకుడు. అవ్వ నోట పాఠ్యపుస్తకపు వాక్యము పెట్టినచో ఆమె అవ్వగా నిలువదు.

ఒత్తులు, దీర్ఘములు సరిచూచుట చివరి పని. కొట్టివేయబోవు వాక్యమున ముందే వర్ణక్రమము దిద్దుట వృథాశ్రమ.

పాత ప్రతిని పారవేయకుడు. రెండు ప్రతులను ప్రక్కప్రక్కన నుంచి, ఏది మేలో బిడ్డనే చెప్పమనుడు. తన వ్రాత తన చేతనే మెరుగైనదని కన్న బిడ్డకు రెండవ కథ వ్రాయుమని మనము చెప్పనక్కరలేదు.