ఇంగ్లండున వసంతారంభము: కథలు, ఆచారములు

విద్యార్థులారా! మీరు ఇంగ్లీషు పాఠములను చదువుచున్నారు. ఆ దేశపు రాజుల పేర్లును, యుద్ధముల సంవత్సరములును మీకు కొంత తెలియును. కాని ఆ దేశపు పల్లెలలో జనులు చెప్పుకొను కథలను పాఠ్యపుస్తకములు అంతగా తెలుపవు. కావున శీతకాలము వెడలి వసంతము ప్రవేశించు దినములలో ఇంగ్లండున జరుగు కొన్ని వేడుకలను, వానితో ముడివడిన కథలను ఇచట వివరింపదలచితిమి.

మనకు చైత్రము వచ్చునప్పటికే ఎండలు ముదురును. ఇంగ్లండున అట్లు కాదు. ఫిబ్రవరిలో చలి ఇంకను వదలదు. మార్చిలో పగటి కాలము పెరుగును. ఏప్రిలులో చెట్లు చిగిర్చును. అందుచే అచటివారికి వసంతము ఎంతో కాలము ఎదురుచూచిన చుట్టము వంటిది. 1752కు పూర్వము ఇంగ్లండున చట్టరీత్యా సంవత్సరాది మార్చి 25వ తేదీ. ఆ సంవత్సరము నుండియే అది జనవరి 1కి మారినది. వసంతమున సంవత్సరమును ప్రారంభించుట మన ఉగాదికి మాత్రమే చెల్లినది కాదని దీనివలన గ్రహింపవచ్చును.

అట్ల మంగళవారము

ఈస్టరుకు ముందు క్రైస్తవులు నలువది దినములు ఉపవాస నియమమును పాటింతురు. పూర్వము ఆ దినములలో గ్రుడ్లు, వెన్న మొదలగునవి నిషిద్ధములు. కావున నియమమునకు ముందుటి మంగళవారమున ఇంట మిగిలిన గ్రుడ్లను, పాలను, గోధుమపిండిలో కలిపి అట్లు పోసికొని తినుట ఆచారమైనది. బకింగ్‌హామ్‌షైరులోని ఓల్నీ పట్టణమున దీనికొక కథ కలదు. 1445లో ఒక గృహిణి అట్లు పోయుచుండగా చర్చి గంట వినబడెనట. ఆలస్యమగునన్న తొందరలో ఆమె చేతి పెనమును దింపకయే పరుగెత్తెనట. నేటికిని ఆ దినమున ఆ ఊరి స్త్రీలు తలగుడ్డ కట్టి, అట్టుతో కూడిన పెనమును పట్టి 415 గజములు పరుగుపందెము సాగింతురు.

కోకిలకు కంచె

నాటింగ్‌హామ్‌షైరులో గోథాము అను గ్రామము కలదు. ఇంగ్లండు కోకిల ఆఫ్రికా నుండి ఏప్రిలులో వచ్చి వేసవి నడుమ మరలిపోవు పక్షి. మన కోకిల వలెనే అదియు పరుల గూళ్లలో గ్రుడ్లు పెట్టును. అది వెళ్లనిచో వసంతమును వెళ్లదని తలచి గోథామువారు కోకిల చుట్టును కంచె నాటిరట. పక్షి ఎగిరిపోయెను. “అయ్యో, కంచె ఎత్తు చాలలేదు!” అని వారు విచారించిరట.

వీరును మన పరమానందయ్య శిష్యుల వంటివారే అని మీరు నవ్వుదురు. కాని కథలో మరియొక మలుపు కలదు. రాజు నడచిన త్రోవ రాజమార్గమై, దాని భారము గ్రామముపై పడునని వారి భయము. జాన్ రాజు ఆ వైపు రానున్నాడని విని, ఆయన దూతల యెదుట గ్రామస్థులు వెఱ్ఱివారి వలె నటించిరట. రాజు వేరొక త్రోవను పోయెనట. బలవంతుని ఎదిరింపలేని పేద రైతుల యుక్తి ఇది.

పిండి దానము

హాంప్‌షైరులోని టిచ్‌బోర్న్ గ్రామమున మార్చి 25న పేదలకు గోధుమపిండి పంచుట ఆచారము. 12వ శతాబ్దమున మరణశయ్యపై నున్న మాబెల్లా అను ఇల్లాలు, పేదలకు ఏటేట దానము చేయుమని భర్త రోజరును వేడుకొనెనట. అతడు పొయ్యిలోని మండుచున్న కట్టె నొకటి తీసి, అది ఆరులోపల ఆమె చుట్టిరాగల పొలముపై ఫలమును ఇత్తుననెను. నడువలేని ఆమె ప్రాకుచు 23 ఎకరములు చుట్టివచ్చెనట! ఆ పొలమునకు నేటికిని ‘ప్రాకిన చేను’ అను అర్థము గల పేరే కలదు. దానము మానిన యెడల ఒక తరమున ఏడుగురు కొడుకులు, మరుతరమున ఏడుగురు కూతుళ్లు పుట్టి, వంశము పేరు నశించి, ఇల్లు కూలునని ఆమె శపించెనట.

దేశదిమ్మరుల గుంపులు చేరుచున్నవని 1796లో దానమును ఆపించిరి. 1803లో ఇంటిలో కొంత భాగము కూలెను. అప్పటి యజమానికి ఏడుగురు కుమారులు; వారిలో పెద్దవానికి ఏడుగురు కుమార్తెలు! కుటుంబమువారు దానమును మరల ప్రారంభించిరి. శాపము నిజమా అని వాదింప నక్కరలేదు. మాట తప్పిన ధనవంతునకు జ్ఞాపకము చేయుటకు పేదల చేతిలో ఆ కథ యొక్కటియే ఉండెనని గ్రహించిన చాలును.

ఇట్టి సంప్రదాయములకు ‘ఫోక్‌లోర్’ అను పేరు పెట్టినవాడు విలియం థామ్స్. ఆయన 1846లో, ఇవి నశింపకమునుపే వ్రాసి ఉంచుడని పాఠకులను కోరెను. ఆ కోరిక మనకును వర్తించును. మన ప్రాంతమున బజారు భాష వేరు, కచేరీ భాష వేరు; తెలుగు ఇంటిలోను, బడిలోను నిలిచియున్నది. మీ అవ్వ చెప్పు కథ ఏ గ్రంథాలయమునను లేదు. ఆమె చెప్పుట మానిన నాడు, మీరు వినుట మానిన నాడు, అది ఈ ఊర ఇక వినబడదు. తల్లిదండ్రులారా, వారమునకొక సాయంకాలము దీనికై పిల్లలకు విడువుడు.

అభ్యాసము: మీ ఇంటి పెద్దల నడిగి, ఏదైన ఒక పండుగకు సంబంధించిన కథను వారి మాటలలోనే వ్రాసికొని రండు. చెప్పినవారి పేరును, ఊరును తప్పక వ్రాయుడు.